నేను చూస్తే పాస్, చూడకపోతే ఫెయిల్: వర్చువల్ మెషిన్ టెస్టుల్లోకి దిగి చూడటం

ఆ టెస్టులో ఉన్నవి రెండే మెషిన్లు, సర్వర్, క్లయింట్. సర్వర్‌లో మా చిన్న వెబ్ సర్వీస్ లేవాలి. క్లయింట్ నుంచి కర్ల్‌తో, అంటే కమాండ్‌తో వెబ్ పేజీలు తెచ్చే పనిముట్టుతో, ఒక పేజీ అడిగితే రావాలి. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. అయినా వారం పైగా అది ఒక రోజు పాస్, ఒక రోజు ఫెయిల్. ఫెయిలైన ప్రతిసారీ లాగ్ చివర అదే ముక్క: కర్ల్ ఎగ్జిట్ కోడ్ 7. అంటే అవతలి మెషిన్ అడ్రస్ దొరికింది, తలుపు దాకా వెళ్లాం, కానీ ఆ పోర్టులో పలికే నాథుడు లేడు. అదే టెస్టును నా ల్యాప్‌టాప్‌లో తెరిచి ఒక్కో కమాండూ చేత్తో కొడితే మాత్రం పేజీ ప్రతిసారీ ఠంచనుగా వచ్చేది.

ఇలాంటప్పుడు చెయ్యి ముందు పోయేది సీఐలో, అంటే కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తనంతట తానే నడిపే వ్యవస్థలో, రీరన్ బటన్ మీదికే. రెండోసారి పాసైతే టెన్షన్ తగ్గుతుంది, మర్జ్ చేసేస్తాం. నేనూ అదే చేశాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా చెబుతాను. అప్పుడప్పుడు ఫెయిలయ్యే టెస్టు ప్రతిసారీ నిజమే చెబుతుంది, ఆ నిజం ఏమిటో తెలియాలంటే అది ఫెయిలైన క్షణంలో మెషిన్ లోపల నిలబడి చూడాలి.

అలా నిలబడే సౌకర్యం వర్చువల్ మెషిన్ (వీఎం) టెస్టుల్లో ఉంది. నేను రోజూ వాడేది నిక్స్ఓఎస్ అనే లినక్స్ వాళ్ల టెస్ట్ పద్ధతి కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. డెబియన్ వాళ్ల ఆటోపీకేజీటెస్ట్, సూసే వాళ్ల ఓపెన్‌క్యూఏ కూడా వీఎంలతో పని చేయగలవు. వాటిలో కమాండ్లు వేరుగా ఉంటాయి, చిక్కులు మాత్రం చాలావరకు ఇవే. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, పైథాన్ ప్రాంప్ట్‌లో కొట్టే కమాండ్లకు మాటల మధ్య అండర్‌స్కోర్ వస్తుందని, ఆప్షన్లు, ఫ్లాగ్‌ల పేర్లకు ఇది వర్తించదని గుర్తుంచుకోండి.

అసలు ఒక టెస్టు కోసం మొత్తం మెషిన్ ఎందుకు లేపాలి? యూనిట్ టెస్టు ఒక ఫంక్షన్‌ను పట్టుకుని చూస్తుంది. సర్వీస్ బూట్‌లో లేస్తుందా, డేటాబేస్ తర్వాతే మొదలవుతుందా, ఫైర్‌వాల్ అడ్డం పడుతోందా, కరెంట్ పోయి వస్తే డేటా నిలుస్తుందా అనే ప్రశ్నలు ఏ ఒక్క ఫంక్షన్‌లోనూ ఉండవు. వాటికి కెర్నల్, సర్వీసులను లేపి చూసుకునే సిస్టమ్‌డీ, నెట్‌వర్క్ అన్నీ నిజంగా నడుస్తూ ఉండాలి. అయితే అందుకు నిజం మెషిన్లు కొనక్కర్లేదు. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో మొదలుపెట్టిన కీము మెషిన్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే నిలబెడుతుంది. 2007లో లినక్స్ 2.6.20 కెర్నల్‌లోకి కేవీఎం వచ్చాక, ప్రాసెసర్ సాయంతో అది దాదాపు అసలు మెషిన్ వేగంతో నడుస్తోంది. 2010లో డెల్ఫ్ట్ యూనివర్సిటీకి చెందిన సాండర్ వాన్ డెర్ బర్గ్, ఏల్కో డోల్‌స్ట్రా ఒక పరిశోధనా పత్రంలో ఈ ఆలోచనను విడమరచి చూపించారు. ఏ మెషిన్‌లో ఏముండాలో రాసిపెడితే చాలు, ఆ రాతలోంచే వీఎంలు పుట్టుకొస్తాయి, స్క్రిప్ట్ వాటిని పరీక్షిస్తుంది. నిక్స్ఓఎస్ ఇప్పటికీ తన వెర్షన్లను ఈ టెస్టులు దాటాకే బయటికి వదులుతుంది.

ఒక టెస్టులో రెండు భాగాలుంటాయి. మొదటిది మెషిన్ల వర్ణన. రెండోది వాటితో ఏం చేయాలో చెప్పే పైథాన్ స్క్రిప్ట్. ఈ స్క్రిప్ట్ నడిపేవాణ్ని డ్రైవర్ అంటారు. డ్రైవర్ ప్రతి వీఎం లోపలికీ ఒక దొడ్డిదారి పెట్టుకుంటుంది. వర్చువల్ కన్సోల్ మీద రూట్ షెల్ ఒకటి లేపి, మనం రాసిన కమాండ్లన్నీ దాని గుండానే పంపుతుంది. ఎస్ఎస్‌హెచ్ అక్కర్లేదు, నెట్‌వర్క్ కూడా అక్కర్లేదు. మెషిన్ల మధ్య మాటలకు మాత్రం విడిగా ఒక వర్చువల్ స్విచ్ ఉంటుంది. ప్రతి మెషిన్‌కూ ఈటీహెచ్1 అనే కార్డు, దానికి 192.168.1 తో మొదలయ్యే అడ్రస్ వస్తాయి. పేర్ల అక్షర క్రమంలో నంబర్లు పడతాయి కాబట్టి మా క్లయింట్‌కు 192.168.1.1, సర్వర్‌కు 192.168.1.2 వచ్చాయి. ఈ దొడ్డిదారి, ఈ స్విచ్ రెండూ వేరువేరని గుర్తుంటే తర్వాత చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

మామూలుగా ఈ టెస్టు నిక్స్ఓఎస్ బిల్డ్ పనిముట్టు నిక్స్ పెట్టుకునే సాండ్‌బాక్స్‌లో, అంటే బయటితో సంబంధం లేని గదిలో, నడుస్తుంది. బయటి ఇంటర్నెట్ ఉండదు, మనిషి చెయ్యి పడదు. పాసైతే నిక్స్ ఫలితం దాచిపెట్టుకుని ఆ టెస్టును మళ్లీ నడపదు, ఫెయిలైతే మెషిన్లన్నీ మాయమై లాగ్ మాత్రం మిగులుతుంది. ఆ లాగ్ చదవడం పోస్ట్‌మార్టం రిపోర్ట్ చదవడం లాంటిది. రిపోర్టులో ఏం రాశారో అంతే తెలుస్తుంది. రాయని ప్రశ్న అడగడానికి మనిషి లేడు.

ఇంటరాక్టివ్‌గా, అంటే మనమే చేత్తో, నడపాలంటే అదే టెస్టు పేరు చివర డ్రైవర్ ఇంటరాక్టివ్ అని చేర్చి బిల్డ్ చేస్తాం. బిన్ ఫోల్డర్‌లో నిక్స్ఓఎస్ టెస్ట్ డ్రైవర్ అనే ప్రోగ్రామ్ తయారవుతుంది. దాన్ని నడిపితే పైథాన్ ప్రాంప్ట్ వచ్చి ఆగుతుంది. ఇంకా ఒక్క మెషిన్ కూడా లేవదు, మనం చెప్పేదాకా ఏదీ కదలదు. ఆ నిశ్శబ్దం చూసి మొదటిసారి చాలామంది ఏదో ఇరుక్కుపోయిందనుకుంటారు. 'స్టార్ట్ ఆల్' అంటే మెషిన్లన్నీ లేస్తాయి, ఒక్కోదానికీ ఒక్కో విండో తెరుచుకుంటుంది. 'టెస్ట్ స్క్రిప్ట్' అంటే మనం రాసిన స్క్రిప్ట్ మొత్తం మొదటి నుంచి నడుస్తుంది. మధ్యలో ఎక్కడ ఫెయిలైనా ఎర్రర్ చూపించి ప్రాంప్ట్ మన చేతికి తిరిగొస్తుంది. మెషిన్లు మాత్రం అలాగే లేచి ఉంటాయి. మొత్తం పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

అక్కడి నుంచి ఏమైనా అడగొచ్చు. సర్వర్ మీద 'సక్సీడ్' అని ఏ కమాండ్ ఇచ్చినా లోపల నడిపి, వచ్చిన జవాబు మన ముందు పెడుతుంది. కమాండ్ ఫెయిలైతే అక్కడే ఎర్రర్ ఇస్తుంది. ఫెయిలైనా ఫర్వాలేదు, కోడ్ మాత్రం చూడాలంటే 'ఎగ్జిక్యూట్' ఉంది. లోపలే కూర్చుని పని చేయాలనిపిస్తే 'షెల్ ఇంటరాక్ట్' అంటే నేరుగా వీఎం లోపలి షెల్‌లోకి వెళ్లిపోతాం. కానీ అక్కడి నుంచి బయటికి రావడానికి అలవాటు కొద్దీ కంట్రోల్ డీ కొడితే ఆ దొడ్డిదారి షెల్లే ముగిసిపోతుంది, డ్రైవర్‌కు ఆ మెషిన్‌తో సంబంధం తెగిపోతుంది. అందుకే ఇటీవలి వెర్షన్లలో ఇంటరాక్టివ్ సెట్టింగుల్లో ఎస్ఎస్‌హెచ్ బ్యాక్‌డోర్ అనే ఆప్షన్ పెట్టారు. వేరే టెర్మినల్ నుంచి ఎన్నిసార్లయినా లోపలికి వెళ్లి రావచ్చు, డ్రైవర్ దారికి అడ్డం పడదు. ఆ సౌకర్యం ఉన్నచోట నేను ఇక షెల్ ఇంటరాక్ట్ వైపు పోను.

ఇంటరాక్టివ్ అనే సెట్టింగ్ గురించే ఒక మాట. టెస్టు రాతలో 'ఇంటరాక్టివ్ నోడ్స్' అనే చోట రాసినవి చేత్తో నడిపేటప్పుడు మాత్రమే వర్తిస్తాయి. విండోలు వద్దంటే గ్రాఫిక్స్ ఆపేయడం, సర్వర్ పోర్టును ల్యాప్‌టాప్‌కు ఫార్వర్డ్ చేసి బ్రౌజర్‌లో చూడటం, ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏమడుగుతోందో చూపించే స్ట్రేస్ లాంటి పనిముట్లు లోపల పెట్టుకోవడం అన్నీ అక్కడే చేయాలి. అసలు టెస్టు రాతలో కలిపేస్తే రేపు ఆ పనిముట్టు ఉండబట్టే టెస్టు పాసయ్యే ప్రమాదం ఉంది.

ఇక మా టెస్టు దగ్గరికి. ప్రాంప్ట్‌లో స్క్రిప్ట్ లైన్లు ఒక్కొక్కటే కొట్టాను. స్టార్ట్ ఆల్. తర్వాత సర్వర్ మీద 'వెయిట్ ఫర్ యూనిట్', అంటే సర్వీస్ యాక్టివ్ అయ్యేదాకా ఆగడం (సిస్టమ్‌డీ భాషలో సర్వీస్‌ను యూనిట్ అంటారు). తర్వాత క్లయింట్ మీద కర్ల్. పేజీ వచ్చింది. మళ్లీ అన్నీ ఆపి మొదటి నుంచి చేశాను. మళ్లీ వచ్చింది. ఇక్కడ నేను మొదట పట్టించుకోనిది చాలా చిన్న విషయం. వెయిట్ ఫర్ యూనిట్ పూర్తయ్యాక నేను తర్వాతి లైన్ టైప్ చేయడానికి కనీసం అయిదారు సెకన్లు పడుతోంది. స్క్రిప్ట్‌కు ఆ సమయం సున్నా.

అన్నం ఉడుకుతోందా అని మాటిమాటికీ మూత తీసి చూస్తే ఆవిరి పోయి ఉడకడమే మారిపోతుంది. ఇంటరాక్టివ్ డీబగింగ్‌లోనూ అంతే, చూడటం కోసం ఆగుతాం, ఆగడంతోనే సమయం మారుతుంది. కాబట్టి టైమింగ్ మీద అనుమానం ఉంటే మనిషిని మధ్యలోంచి తీసేయాలి. ప్రాంప్ట్ పైథాన్‌దే కాబట్టి రెండు లైన్లనూ సెమీకోలన్‌తో కలిపి ఒకే వరుసలో కొట్టొచ్చు. అలా చేశాను. అయినా ఎక్కువసార్లు పాసే అయ్యింది.

ఎందుకో కనుక్కోవడానికి డ్రైవర్ లాగ్ ఈసారి టైమ్‌లతో సహా చదివాను. స్టార్ట్ ఆల్ రెండు మెషిన్లనూ ఒకేసారి లేపుతుంది. సర్వర్ యూనిట్ యాక్టివ్ అన్న వెంటనే క్లయింట్‌కు కర్ల్ పంపాలి, కానీ అప్పటికి క్లయింట్ బూట్ ఇంకా పూర్తి కాలేదు. డ్రైవర్ అది లేచేదాకా ఆగింది. ఆ ఆగినంత సేపట్లో సర్వర్ సిద్ధమైపోయింది. క్లయింట్ ఆలస్యమే టెస్టును కాపాడుతోంది. సీఐ మెషిన్‌లో ఎప్పుడైనా క్లయింట్ ముందు లేస్తే ఆ రక్షణ లేదు, కోడ్ 7 వస్తుంది. రోజు మార్చి రోజు ఫెయిలవడానికి కారణం ఇదే అయ్యుండాలి.

నిరూపించడం సులువే. బయటికి వచ్చి డ్రైవర్‌ను కొత్తగా నడిపాను. ముందు క్లయింట్‌ను మాత్రమే లేపి, మల్టీ యూజర్ టార్గెట్ దాకా, అంటే బూట్ పూర్తయ్యే దశ దాకా, ఆగాను. అది పూర్తిగా సిద్ధమయ్యాక ఒకే వరుసలో సర్వర్ వెయిట్ ఫర్ యూనిట్ (లేవని మెషిన్‌ను డ్రైవరే లేపుతుంది), సెమీకోలన్, క్లయింట్ కర్ల్. ఫెయిల్, కోడ్ 7. మళ్లీ మొదటి నుంచి, మళ్లీ 7. ఇంకోసారి, అదే. ఎప్పుడో ఒకసారి వచ్చే బగ్‌ను పిలిస్తే పలికేలా చేసుకున్నాక సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం సర్వర్ లోపల ఉంది. మెషిన్ ఇంకా లేచే ఉంది కాబట్టి సిస్టమ్‌డీ లాగ్ చూపించే జర్నల్‌కంట్రోల్‌ను మోనోటోనిక్ టైమ్‌తో, అంటే బూట్ నుంచి లెక్కించే సెకన్లతో, అడిగాను. సిస్టమ్‌డీ 'స్టార్టెడ్' అని రాసింది బూట్ మొదలైన 9.4వ సెకనులో. మా ప్రోగ్రామ్ 'పోర్ట్ 8080 మీద వింటున్నాను' అని రాసింది 12.1వ సెకనులో. మధ్య 2.7 సెకన్లు అది డేటాబేస్‌లో టేబుల్స్ తయారు చేస్తోంది. మా యూనిట్‌లో టైప్ ఏమిటో రాయలేదు కాబట్టి సిస్టమ్‌డీ దాన్ని 'సింపుల్' టైప్‌గా తీసుకుంది. సింపుల్ అంటే ప్రాసెస్ మొదలైతే చాలు, యాక్టివ్ అనేస్తుంది. లోపల పని చేయడానికి సిద్ధమా కాదా అన్నది దాని లెక్కలో లేదు. వెయిట్ ఫర్ యూనిట్ సెకనుకోసారి సిస్టమ్‌డీనే అడుగుతుంది, సిస్టమ్‌డీ చెప్పిందే నమ్ముతుంది.

ఇక్కడే ఇంకో సంగతి తెలిసింది. మొదట్లో నేను మెషిన్లను దింపకుండా టెస్ట్ స్క్రిప్ట్‌ను రెండోసారి నడిపి చూసేవాణ్ని. అది ఎప్పుడూ పాసయ్యేది. రెండోసారికి సర్వీస్ అప్పటికే లేచి ఉంటుంది, టేబుల్స్ కూడా ఉంటాయి. అలా నడిపినదాన్ని టెస్టు అనడానికి లేదు. డ్రైవర్‌ను మూసి తెరిస్తే మామూలుగా పాత డిస్కులు తుడిచేసి కొత్తగా మొదలుపెడుతుంది. 'కీప్ వీఎం స్టేట్' అనే ఫ్లాగ్ ఇస్తే మాత్రం పాతవే వాడుతుంది. గంట సేపు పట్టే సెటప్ ఉన్నప్పుడు ఆ ఫ్లాగ్ వరం. దాన్ని పెట్టిన సంగతి మరిచిపోతే రోజంతా పోతుంది.

సమయం తర్వాత ఎక్కువగా ఏమార్చేది నెట్‌వర్క్. సాండ్‌బాక్స్‌లో ఇంటర్నెట్ లేదు. ఇంటరాక్టివ్‌గా నడిపితే వీఎం మన యూజర్ కింద నడుస్తుంది కాబట్టి, ఈటీహెచ్0 అనే కార్డు గుండా కీము దాన్ని బయటి ప్రపంచంలోకి పంపగలదు. లోపల ఐపీ రూట్ చూస్తే డిఫాల్ట్ దారి 10.0.2.2 అని కనిపిస్తుంది, అది కీము ఇచ్చేదే. సర్వీస్ మొదలయ్యేటప్పుడు ఏ సర్టిఫికెట్ జాబితానో, ఏ ప్లగినో బయటి నుంచి తెచ్చుకుంటోందనుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో పాస్, సీఐలో ఫెయిల్. ఎగ్జిట్ కోడ్ చూస్తే అది 6, అంటే పేరుకు అడ్రస్సే దొరకలేదు. అనుమానం వస్తే మెషిన్‌లో ఈటీహెచ్0ని డౌన్ చేసి మళ్లీ ప్రయత్నించండి. దొడ్డిదారి కన్సోల్ మీద ఉంది కాబట్టి డ్రైవర్‌కు ఏమీ కాదు. బ్రౌజర్ కోసం చేసుకున్న పోర్ట్ ఫార్వర్డ్ మాత్రం దానితోపాటు ఆగిపోతుంది.

కర్ల్ కోడ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. నిక్స్ఓఎస్‌లో ఫైర్‌వాల్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, తెరవని పోర్టుకు వచ్చిన ప్యాకెట్లను జవాబివ్వకుండా పారేస్తుంది. అప్పుడు కర్ల్ 7తో వెంటనే తిరిగి రాదు, మౌనంగా ఎదురుచూస్తుంది. గడువు పెడితే 28తో ఆగుతుంది. 6 అయితే పేరు, 7 అయితే సర్వీస్, 28 అయితే ముందు ఫైర్‌వాల్ చూస్తాను. 'వెయిట్ ఫర్ ఓపెన్ పోర్ట్' సర్వర్ లోపలి నుంచే పోర్టును తడుతుంది కాబట్టి ఫైర్‌వాల్ మూసి ఉన్నా అది పాసవుతుంది. అవతలి మెషిన్ నుంచి అడగడం అందుకే తప్పనిసరి.

మూడోది వేగం. కేవీఎం దొరక్కపోతే ఇంటరాక్టివ్ డ్రైవర్ గోల చేయదు, సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్‌లోకి మారి అలాగే నడుస్తుంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న మెషిన్ మీద పని చేసేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది, ఎందుకంటే అది కూడా వీఎమే, దాని లోపల మళ్లీ కేవీఎం వాడటానికి అనుమతి ఉండకపోవచ్చు. డెవ్ ఫోల్డర్‌లో కేవీఎం ఫైల్ ఉందో లేదో ముందే చూసుకోండి. మెమరీ లెక్క కూడా చూడండి. ఏమీ చెప్పకపోతే ఒక్కో వీఎంకు 1024 ఎంబీ ర్యామ్, ఒకటే కోర్ ఇస్తారు. జావా సర్వీస్ ఒకటి పెడితే అది చాలక కెర్నల్ దాన్ని చంపేస్తుంది, టెస్టు లాగ్‌లో మనకు యూనిట్ ఫెయిల్ అని మాత్రమే కనిపిస్తుంది. కెర్నల్ లాగ్ చూపించే డీమెసేజ్ కమాండ్‌లో చూస్తే ఆ హత్య రాసి ఉంటుంది.

కొన్ని ఫెయిల్యూర్లు ఎంత చేసినా ఇంటరాక్టివ్‌లో రావు. అప్పుడు సాండ్‌బాక్స్‌లోనే ఆగేలా చేయాలి. కొత్త వెర్షన్లలో 'ఎనేబుల్ డీబగ్ హుక్' అనే ఆప్షన్ పెడితే ఫెయిలైనచోట డ్రైవర్ చనిపోకుండా నిలబడుతుంది. బయటి నుంచి రూట్ హక్కులతో ఆ సాండ్‌బాక్స్‌లోకి వెళ్లి చూడొచ్చు. స్క్రిప్ట్ మధ్యలో 'డీబగ్ డాట్ బ్రేక్‌పాయింట్' అని రాస్తే కావాల్సిన లైన్ దగ్గరే ఆగుతుంది. ఇక పాసైన టెస్టును నిక్స్ మళ్లీ నడపదని చెప్పాను కదా, అదే టెస్టును పదేపదే నడిపి ఫెయిల్యూర్ రాబట్టాలంటే బిల్డ్‌కు 'చెక్' ఫ్లాగ్ ఇవ్వాలి. లేకపోతే పాత ఫలితమే చూసి పది సార్లు పాసయ్యిందనుకుంటాం.

ప్రాంప్ట్ దగ్గర ఇరుక్కుపోయే చోటు ఒకటుంది, అది టైమింగ్ సమస్యలా కనిపిస్తుంది కానీ కాదు. కమాండ్ చివర యాంపర్‌సాండ్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపితే డ్రైవర్ కదలకుండా కూర్చుంటుంది. కమాండ్ అవుట్‌పుట్ ముగిసేదాకా అది ఎదురుచూస్తుంది, బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోయిన ప్రోగ్రామ్ ఆ అవుట్‌పుట్‌ను పట్టుకునే ఉంటుంది. ఆ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఎర్రర్ అవుట్‌పుట్ వైపు మళ్లిస్తే డ్రైవర్ వదిలేస్తుంది.

తీరిక ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రాంప్ట్‌లో మెషిన్లను కావాలని ఇబ్బంది పెట్టి చూడండి. 'బ్లాక్' అంటే నెట్‌వర్క్ కేబుల్ పీకినట్టు, 'అన్‌బ్లాక్' అంటే మళ్లీ పెట్టినట్టు. 'క్రాష్' అంటే కరెంట్ పోయినట్టు. డేటాబేస్‌లో రాస్తుండగా క్రాష్ కొట్టి, మళ్లీ స్టార్ట్ చేసి, ఏ వరుసలు మిగిలాయో లెక్కపెట్టండి. డెస్క్‌టాప్ టెస్టు అయితే 'స్క్రీన్‌షాట్' తీసుకోవచ్చు. ఓసీఆర్ ఆన్ చేస్తే తెర మీది అక్షరాలు చదివి, ఫలానా మాట కనిపించేదాకా ఆగమనవచ్చు. ఓసీఆర్ తెర మీది అక్షరాలను తరచూ తప్పుగా చదువుతుంది, కాబట్టి వేరే దారి ఉంటే దాని మీద ఆధారపడను.

మా టెస్టుకు తేలికైన మందు కళ్లముందే ఉంది. కర్ల్‌ను 'వెయిట్ అంటిల్ సక్సీడ్స్'లో పెడితే వచ్చేదాకా అడుగుతూ ఉంటుంది, పచ్చ టిక్ వస్తుంది. మా టీమ్‌లో ఇద్దరు అదే చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. నిజం సర్వర్ మీద మా సర్వీస్ తర్వాత మొదలవ్వాల్సిన ఇంకో సర్వీస్ ఉంది. అది కూడా సిస్టమ్‌డీ మాట నమ్మి, ఆ 2.7 సెకన్ల ఖాళీలోనే పోర్టును తట్టి పడిపోతుంది. టెస్టు చూపించింది ఆ తప్పునే.

యూనిట్ టైప్‌ను 'నోటిఫై'గా మార్చాం, అంటే ప్రోగ్రామే చెప్పేదాకా సిస్టమ్‌డీ దాన్ని యాక్టివ్ అనదు. టేబుల్స్ అయ్యాక, పోర్ట్ తెరిచాక మా ప్రోగ్రామ్ సిస్టమ్‌డీకి సిద్ధం అని కబురు పంపేలా కొన్ని లైన్లు రాశాం. టెస్టులో వెయిట్ ఫర్ యూనిట్ లైన్ అలాగే ఉంచాం, కర్ల్‌ను కూడా ముట్టుకోలేదు. స్టార్ట్ ఆల్ ఒక్కటే తీసేసి, క్లయింట్ పూర్తిగా లేచాకే సర్వర్ మొదలయ్యేలా వరుస మార్చాం, ఆలస్యంగా లేచి టెస్టును కాపాడే అవకాశం క్లయింట్‌కు మళ్లీ రాకూడదని. ఆ రాత్రి చెక్ ఫ్లాగ్‌తో లూప్‌లో పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే అన్నీ పాస్. జర్నల్‌లో స్టార్టెడ్ అన్న లైన్ ఇప్పుడు 'వింటున్నాను' అన్న లైన్ కింద ఉంది.